కాలువ వంతెన దగ్గర కూలబడిన బండి

మా పికప్పు బండికి ముందు భాగం లేపించాలన్న ఆలోచన మా ఆయనది. ఈపూరు దగ్గర మా పొలానికి వెళ్ళే డొంక దారి నిండా గుంతలే. ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనక ఎత్తుగా, ముందు వంగినట్టు ఉండేది. గుంతలో దిగినప్పుడల్లా బంపరు నేలకు గీసుకునేది. పిడుగురాళ్ల వైపు రోడ్డు మీద ఎవరిదో షెడ్డులో ముందు స్ప్రింగుల మీద మందపాటి ఇనప బిళ్ళలు పెట్టించుకొచ్చాడు. ముందూ వెనకా సమానంగా వచ్చింది. బండిని వాకిట్లో ఆపి, ఎదురింటి అరుగు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూసుకున్నాడు.

"ఎట్టుంది?" అన్నాడు.

"బాగానే ఉంది. ఎక్కడానికే నాకు నిచ్చెన కావాల" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. మొదట స్టీరింగు వణకడం మొదలైంది. తారు రోడ్డెక్కి కాస్త వేగం అందుకుంటే చాలు, ఆయన చేతులు మోచేతుల దాకా అదిరేవి. తర్వాత చప్పుడు. గుంతలో దిగి లేచినప్పుడల్లా నా కాళ్ళ కింద ఇనుము ఇనుముకు తగిలినట్టు 'ఠక్' మనేది. వెనక మిరపకాయల బస్తాలు పడితే ఇంకా భయం. వెనక కుంగేది, ముందు ఇంకొంచెం లేచేది, స్టీరింగు తేలిపోయేది. బండి మా మాట వినడం లేదనిపించేది. పక్క సీట్లో కూర్చున్న నేను లేని బ్రేకును కాలితో అదిమి తొక్కుతుండేదాన్ని.

"ఏందయ్యా ఆ చప్పుడు?"

"కొత్త సామాను గదా. సర్దుకునిద్ది."

"సర్దుకోను అదేమన్నా మనిషా?"

"నీకు అన్నిటికీ భయమేనే" అని పాటల మోత పెంచేవాడు.

ఒకరోజు ఎడమ ముందు టైరును చేత్తో తడిమి చూశాను. బయటి వైపు బాగానే ఉంది. లోపలి అంచు మాత్రం అరటాకులా నున్నగా అరిగి, ఒకచోట టైరులోని ఇనప తీగ బయటికొచ్చి వేలికి గుచ్చుకుంది. ఆయనకు చూపించాను. కుడి టైరు ఎడమకు, ఎడమది కుడికి మార్చి ఊరుకున్నాడు. బండ్ల సంగతి నాకేం తెలుసు? ఏం జరుగుతుందని భయమో కూడా చెప్పలేకపోయేదాన్ని. బండెక్కితే మాత్రం తలుపు పిడి వదిలేదాన్ని కాదు.

మిరప కోతలప్పుడు కూలికి వచ్చే ఆడవాళ్ళను మేమే బండిలో తీసుకెళ్ళి తీసుకొచ్చేవాళ్ళం. అలా ఒకరోజు మా పక్కింటి అక్క తన కోడల్ని కూడా తీసుకొచ్చింది. ఆ అమ్మాయికి ఏడో నెల. నీడలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుందిలే అన్నారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నా సీటు ఆ అమ్మాయికిచ్చి నేను వెనక ఆడవాళ్ళతో ఎక్కాను.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. బండి కాలువ కట్ట మీదుగా వస్తోంది. మిరప ఘాటుకు మండే చేతులను తడి గుడ్డతో తుడుచుకుంటూ అందరూ మాటల్లో ఉన్నారు. ఎవరో ఏదో అంటే పకపకా నవ్వారు. నేను మాత్రం కిందికే చెవులు పెట్టుకుని ఉన్నాను. రోజూ వినపడే చప్పుడు కాదది. ఏదో గీసుకుంటున్నట్టు, కొరుకుతున్నట్టు ఉంది. లేచి క్యాబిన్ రేకు మీద రెండు చేతులతో బాదాను.

"ఆపయ్యా! ఆపు!"

ఎవరి క్యారేజీయో జారిపడిందనుకుని ఆయన వేగం తగ్గించాడు. అంతలో వంతెన మొదట్లో ఉన్న పల్లంలోకి బండి దిగింది. ఢామ్మని చప్పుడు. ఎడమ ముందు మూల ఒక్కసారిగా కూలబడింది. బండి కాలువ వైపు ఈడ్చుకుపోయింది. అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. పిట్టగోడ పక్కనున్న రాతికి కొట్టుకుని ఆగింది.

తలెత్తి చూస్తే క్యాబిన్ ఎడమ మూల కట్ట అంచు దాటి ఉంది. దాని కింద కాలువ, నిండుగా పారుతోంది. ముందు చక్రం చీలమండ విరిగిన కాలులా లోపలికి మడుచుకుపోయింది.

"ముందు నా కోడలుందే!" అంటూ అక్క లేవబోయింది. బండి కిర్రుమంది.

"కదలమాక అక్కా!" ఆమె నడుము పట్టి కూర్చోబెట్టాను.

"ఎవరూ దిగొద్దు. వెనక్కి జరిగి కూర్చోండి, బరువు వెనకే ఉండాల" క్యాబిన్‌లోంచి మా ఆయన గొంతు. నేనెప్పుడూ వినని గొంతు అది.

నేనొక్కదాన్నే మెల్లగా దిగి, దొరికిన రాళ్ళు వెనక చక్రాల ముందు పెట్టాను. ఆయన కాలు బ్రేకు మీదినుంచి తియ్యడం లేదు. డ్రైవరు తలుపు తెరిచి చేతులు చాచాను. ఆ అమ్మాయి కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ బిగుసుకుపోయింది.

"అటు చూడమాకమ్మా, నన్ను చూడు. మావయ్య మీదుగా ఇటు రా."

"కాళ్ళు రావట్లేదత్తా."

చంకల కింద చేతులు వేసి, ఆయన ఒడి మీదుగా లాక్కున్నాను. తర్వాత ఆయన దిగాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు. గండం గడిచిందనుకున్నాను. రోడ్డు పక్కన కూర్చున్న ఆ అమ్మాయి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చానా నెమ్మదిగా అంది: "అత్తా, లోపల కదలట్లేదు."

కాలువను చూసినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు. దారిన పోయే ఆటో ఆపి, నేనూ అక్కా ఆ అమ్మాయిని వినుకొండ తీసుకెళ్ళాం. దారి పొడుగునా అక్క పెదవులు దేవుడికి మొక్కుతూ కదులుతూనే ఉన్నాయి. ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండె చప్పుడు వినిపించే మిషను పెట్టి పొట్ట మీద అటూ ఇటూ జరిపింది. గరగర తప్ప ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకు జరిపింది. అప్పుడు వినపడింది, గుర్రం పరుగెత్తినట్టు బిడ్డ గుండె.

మా ఆయన వచ్చి తలుపు బయటే నిలబడ్డాడు. అక్క లేచి వెళ్ళింది.

"ఒరేయ్, నీ బండి సోకు చూసుకోవాలంటే ఒక్కడివే తిరుగు. మా పిల్లల్ని ఎక్కించుకుని కాదు."



బండిని నరసరావుపేటలో ఒక సాయిబు గారి షెడ్డుకు లాక్కెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు ఊడి వచ్చిందని సాయిబు గారు చూపించాడు. "అంత లేపితే ఈ కీలు ఎప్పుడూ సాగే ఉంటది భాయ్. గుంతలో పడ్డప్పుడల్లా చివర్న కొట్టుకునిద్ది. చప్పుడు రాలా?" అని అడిగాడు. మా ఆయన నావైపు చూడలేక నేల చూశాడు. బిళ్ళలు తీసేశారు. రెండు వైపులా కీళ్ళు కొత్తవి వేశారు.

రెండో కోతకు మా బండెక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి అక్కే అంది: "ముందు నువ్వు వంతెన దాకా పోయి రా. అప్పుడు చూద్దాం." ఆయన తాళాలు తీసుకున్నాడు. ఆయనతో నేనూ ఎక్కాను. వంతెన దగ్గర ఆపి, దిగి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమి చూసుకున్నాడు. వెనక్కి వచ్చాక ఆడవాళ్ళు చక్రం చుట్టూ చేరి కాసేపు చూసి, ఒక్కొక్కరే ఎక్కారు. అక్క ఇంటికొచ్చేదాకా కూర్చోకుండా కమ్మీ పట్టుకునే నిలబడింది.

ఆ అమ్మాయికి కొడుకు పుట్టాడు. పిల్లవాడు బాగానే ఉన్నాడు. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ మా బండెక్కలేదు. ఎక్కమని నేనూ అడగలేదు.