ధాన్యం చాటున సైకిలు దారి

డిగ్రీ పాసైనా ఉద్యోగం రాలేదని మా ఇంట్లో నాకు కాఫీ చల్లారాకే వచ్చేది. మర్యాదలో అమలాపురం రోడ్డు మీది బస్సులు మావాళ్ళకేమీ తీసిపోవు. అవి తరిమితే చెల్లి సైకిలుతో సహా పక్కనున్న బోదె కాలవలోకి దిగింది. ఇంకోసారి పడితే కాలేజీ మానిపిస్తానన్నారు నాన్నగారు.

కోతలయ్యాక రైతులు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టేవారు. దాన్ని మాత్రం ఏ డ్రైవరూ తొక్కడు. "కాస్త మధ్యకి జరిపి పోయండి, అంచున సైకిలు పట్టేంత వదలండి" అని రైతులందర్నీ బతిమాలాను.

"ఆయ్, దానికేముందండీ" అన్నారు.

అలా కాలేజీ దాకా దారి కుదిరింది. ఆడపిల్లలు బెల్లులు మోగిస్తూ వెళ్ళొచ్చారు. నాన్నగారు కాలేజీ మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు, అంటే మెచ్చుకున్నారన్నమాట.

ఆ సాయంత్రం చెల్లే వేడి కాఫీ తెచ్చింది.

"బానే ఉంది గానీ అన్నయ్యా, ధాన్యం ఎత్తేశాక బస్సులకి మళ్ళీ మేమే దొరుకుతాం."