కొలవని రెండు గదులు

మూడేళ్ళ కిందట తాడేపల్లిగూడెంలోని మా ఇంట్లో గోడలకు సున్నం వేయించాము. వంద చదరపు అడుగులకు ఆరణాలని బేరం. పనయ్యాక శుద్ధికి పసుపునీళ్ళు చల్లుకోవచ్చని, మాలపల్లి మనిషి ఇంట్లోకి రావడానికి అమ్మ ఒప్పుకుంది. సున్నం వేయడానికి వచ్చిన ఏసురత్నం టేపు ఒక కొస పట్టుకుంటే, రెండోది నేను పట్టుకున్నాను. వంటింటి గడప దగ్గర అతను ఆగాడు.

"నిన్న సభలో అంటరానితనం మీద మీరు మాట్లాడింది విన్నానండీ. వంటిల్లూ, దేవుడి గదీ కూడా కొలుద్దామాండీ?" అన్నాడు ఆశగా.

"ఆ రెండూ లెక్కలోంచి తీసెయ్యరా" అన్నారు వెనకనుంచి నాన్నగారు.

నేను టేపు చుట్టేశాను.

"ఉపన్యాసం బాగుందండీ" అన్నాడు ఏసురత్నం, నవ్వకుండా.

సున్నం వేసేవాడు మా కులంలో లేక ఆ రెండు గదుల గోడలు నేటికీ మసిబారే ఉన్నాయి. నేను ఉపన్యాసాలు మానలేదు. ఆ గడప దగ్గర నోరు విప్పగలనన్న నమ్మకం మాత్రం నాకు లేదు.