పన్నెండు ముఖాల ఫ్లెక్సీ, కనిపించని కందిపొడి

ఫ్లెక్సీలంటే నాకు ఒళ్లు మంట. తెనాలి బస్టాండు నుంచి మా వీధి దాకా కరెంటు స్తంభానికొకటి చొప్పున పళ్లికిలిస్తూ వేలాడే ముఖాలన్నిటినీ దించి కలిపి కుడితే, బాపట్ల సముద్రానికి దుప్పటి కప్పి ఇంకా రెండు దిండ్ల గలేబులు కుట్టుకోవచ్చు. అయినా అవన్నీ పరాయివి. నా అసలు కోపం ఒక్క ఫ్లెక్సీ మీదే. అది మాదే.

మా ఆవిడ పదహారేళ్లు ఒక ప్రైవేటు బడిలో గుమాస్తాగా హాజరు పట్టీలు రాసింది. రాసి రాసి విసిగి, ఈ వేసవి సెలవులకు ముందు రాజీనామా ఇచ్చి, మా వీధి చివర చిన్న గదిలో పొడుల కొట్టు పెట్టింది. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. ఆ కందిపొడి గురించి నేను ఎక్కువ చేసి చెప్పను గాని, డబ్బా మూత తీస్తే పక్కింటి గోడ కూడా కంచం పట్టుకుని వస్తుంది. మనుషులే రావడం లేదు.

బడి పెద్దాయన మంచివాడు. "జూన్‌లో బళ్లు తెరిచేదాకా మీ కుర్చీ అలాగే ఉంచుతానమ్మా" అన్నాడు. ఆ మంచితనం ఆవిడ మెడకు తాడులా బిగిసింది. అప్పటికి కొట్టు నడిస్తే సరి, లేకపోతే మళ్లీ అదే కుర్చీ, అవే పట్టీలు. మూడు వారాలే మిగిలాయి.

అప్పుడు బాపట్ల నుంచి మా బావమరిది దిగాడు. అక్కడ అతనికి ఫ్లెక్సీలు వేసే దుకాణం ఉంది.

"ఏంటి బావగారూ, కొట్టు పెట్టి జనానికి చెప్పకపోతే ఎట్టా? పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టామంటే రేపల్లె రైలాగి చూడాల!"

"మన వీధిలో పట్టాలు లేవు కదయ్యా."

"లేకపోయినా ఆగాల!"

మా ఆవిడ అడిగింది ఒక్కటే. "తమ్ముడూ, పళ్లెంలో వేడన్నం, మీద కందిపొడి, నెయ్యి. ఆ బొమ్మ ఒక్కటి పెద్దగా వెయ్యి, చాలు."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మావైపు ఫ్లెక్సీ ఉన్నది సరుకును చూపించడానికి కాదు, చుట్టాలను చూపించడానికి. ఒక్క ముఖం వదిలేస్తే ఆ ముఖం మూడు తరాల పెళ్లిళ్లలో మనవైపు తిరగదు. రేపల్లెలో ఉండే మా ఆవిడ పెదనాన్నగారికి కబురు ఎలా తెలిసిందో గాని, వెంటనే ఫోన్ చేశారు. "అల్లుడూ, నా ఫొటో నీ ఫొటో కంటే చిన్నదిగా వేశారంటే నేను ఆ గుమ్మం తొక్కను" అన్నారు.

నిజం దాచడం దేనికి? నేను కూడా బావమరిదిని పక్కకు పిలిచి, "కళ్లజోడుతో ఉన్నది వెయ్యి, అందులో కాస్త మేధావిలా ఉంటాను" అన్నాను.

ఫ్లెక్సీ కట్టారు. పన్నెండు ముఖాలు. వాటిలో రెండు కీర్తిశేషులవి, దండలతో, దీపాలతో. కందిపొడి కుడివైపు అడుగున, పెదనాన్నగారి కండువా అంచు కింద, తపాలా బిళ్లంత. మా ఆవిడ ఫొటో లేనే లేదు. చోటు చాలలేదట.

మర్నాడు పొద్దున దుగ్గిరాల నుంచి పనిమీద వచ్చిన ఓ పెద్దాయన చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని లోపలికొచ్చాడు.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరూ పోలేదండి. కందిపొడి అమ్ముతున్నామండి."

"ఆ కళ్లజోడాయన కాదు గదా? పాపం, పెద్ద వయసు కూడా లేదు."

నేను బల్ల వెనకాల పొట్లాలు కడుతున్నాను. తల ఎత్తలేదు.

తరువాత వచ్చినావిడ ఏ పార్టీ అని అడిగింది. నాలుగు రోజుల్లో ముగ్గురు నమస్కారం పెట్టారు, ఒక్కరూ పొట్లం కొనలేదు. నేను బాపట్లకు ఫోన్ చేసి అరిచిన అరుపుకి వాడరేవులో పడవలు ఒడ్డుకొచ్చి ఉంటాయి. అటునుంచి బావమరిది గొంతు సంబరంగా వినిపించింది. "సూపర్ బావగారూ! మీది చూసి నాకు ఇంకో మూడు ఆర్డర్లొచ్చినయ్యండి!"

మా ఆవిడ స్టూలెక్కి, కత్తితో తాళ్లు పటపటా తెంపింది. పన్నెండుమందినీ కొట్టు ముందు నేలమీద పరిచింది. వాళ్ల మీద ఉతికిన తెల్లపంచె పరిచి కరివేపాకు ఆరబోసింది. పక్కన కుంపటి వెలిగించి మూకుడు పెట్టి కందిపప్పు వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసన వీధి మలుపు తిరిగిందో లేదో, స్కూటీ మీద పోతున్న టీచరమ్మ ఒకామె బ్రేకు వేసింది.

"ఏంటండీ అది?"

"కూర్చోండమ్మా. ముద్ద తిని మీరే చెప్పండి."

ఆమె రెండు పొట్లాలు పట్టుకెళ్లింది. మర్నాడు తన తోటి టీచర్లను వెంటేసుకొచ్చింది.

ఆదివారం పెదనాన్నగారు కొత్త చొక్కా తొడుక్కుని, తన ఫొటో చూసుకోవడానికి రేపల్లె రైల్లో వచ్చారు. పంచె అంచు బయట ఆయన మీసం ఒక్కటే కనిపిస్తోంది. దానిమీద ఎవరిదో చెప్పు.

"ఎవరే ఈ పని చేసింది?"

"నేనే పెదనాన్నా. మీ మొహాలు చూసి ఒక్కరూ కొనలేదు. నా చేతిపని చూసి కొంటున్నారు. ముందు తినండి, ఆ తర్వాత తిట్టండి."

ఆయన ఉరిమి చూశారు. కూర్చున్నారు. తిన్నారు. "నెయ్యి తగ్గిందే" అని మళ్లీ కంచం చాపారు. ఆ తర్వాత తిట్టారు గాని, మా ఆవిడను కాదు. "కాస్త జరగవయ్యా, నా మీసం మీద నిలబడ్డావు!" అని కొనడానికి వచ్చినవాణ్ణి.

జూన్‌లో బడి నుంచి ఫోనొచ్చింది. "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి సార్" అంది ఆవిడ, మూకుట్లో గరిటె ఆపకుండా.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. కుంపటి నిప్పురవ్వ ఎగిరిపడి ఫ్లెక్సీకి బొక్క పడింది. పడితే పడింది, పన్నెండు ముఖాలుండగా సరిగ్గా నా కళ్లజోడు ఎడమ అద్దం మీదే పడాలా?