దిగుడుబావిలో స్పాంజి

వలలకు చిక్కిన సముద్రపు స్పాంజీలను జాలరులు బకెట్లో తెచ్చి నా బల్ల మీద పెడితే చాలు, ఆ ఉప్పు నీచు అడుగున నాకు ఇంకో వాసన తగులుతుంది. మొయినాబాద్ దగ్గర మా ఊరి దిగుడుబావిలో, ఎండాకాలం నీళ్లు తగ్గాక అడుగు మెట్ల మీద కనిపించే పచ్చటి, మెత్తటి దాని వాసన. ఏది ఏ జాతిదో, ఎంత లోతులో ఏ రాయిని పట్టుకుని బతికిందో తేల్చి రాయడం ఇప్పుడు నా ఉద్యోగం.

అవి హైటెక్ సిటీ లేస్తున్న రోజులు. మా చేల చుట్టూ వెంచర్ల తెల్లరాళ్లు మొలిచాయి, పొలాలమ్ముకున్నవాళ్లు ఒక్కొక్కరే పట్నం చేరారు, వాళ్లతోపాటే నాతో అష్టాచెమ్మా ఆడేవాళ్లంతా పోయారు. అమ్మా బాపూ తెల్లారకముందే బంతిపూల గంపలతో మార్కెట్‌కు పోతే, నానమ్మ, అదే మా అవ్వ, ఇంటిపనిలో పడితే, సెలవు రోజుల్లో పచ్చిపులుసూ సజ్జరొట్టే తిని ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చునేదాన్ని. అట్లా కూర్చుని ఒకరోజు ఊసుపోక నీళ్లలో చిటికెడు పసుపు చల్లితే, ఆ పచ్చటిదాని రంధ్రంలోంచి పసుపునీళ్లు సన్నగా పైకి ఎగజిమ్మాయి. అమ్మో, ఇది నాచు కాదు, బతికున్న జీవి! ఆ పూట నాకెంత తోడు దొరికినట్టయిందో చెప్పలేను.

సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి అది స్పాంజి అని పోల్చుకున్నాను. చేవెళ్ల బడిలో సైన్సు సారుకు చెబితే క్లాసంతా నవ్వింది.

"స్పాంజి సముద్రంల ఉంటది బిడ్డా, బాయిల ఏడుంటది?" అన్నారు సారు.

"ఒట్టు సార్, ఉన్నది. మీరే వచ్చి చూడుండ్రి" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. మంచి మనిషి, ఆదివారం వస్తానన్నారు. ఒక్కరైనా నన్ను నమ్మాలి, అంతే నా ఆశ.

సారు వస్తున్నారని చెప్పగానే అవ్వకు కాలు నిలవలేదు. వాకిలి అలికింది, సర్వపిండికి పిండి కలిపింది. శనివారం నేను బడి నుంచి వచ్చేసరికి, అవ్వ బావిలో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చేతులు కడుక్కుంటోంది.

"మెట్లన్ని ఇటుకపొడేసి తోమిన బిడ్డా. గా పాచి జూస్తే సారు ముంగట మన ఇజ్జత్ ఏంగావాలె?"

ఉరికి మెట్లు దిగి చూశాను, పచ్చటిది ఆనవాలుకైనా మిగల్లేదు.

సారు వచ్చారు. మెట్లు చూశారు, సర్వపిండి తిన్నారు, "బాయి అద్దమోలె ఉన్నది అవ్వా" అన్నారు. అవ్వ మురిసిపోయింది. పోతూ పోతూ ఆయన జాలిగా నా తల నిమిరారు. దానికి నాకు ఇంకా ఒళ్లు మండింది. అవ్వతో మాట్లాడడం మానేశాను.

"చేతులు మస్తు దురద పెడుతున్నయే, జర కొబ్బరినూనె రాయరాదు" అని రెండు రోజులు అడిగింది. విననట్టే ఉండిపోయాను.

మెట్ల పగుళ్లలో మిగిలిన దాని గింజల్లాంటి మొగ్గల నుంచి వానాకాలానికి అది మళ్లీ పుట్టేదే. కానీ అప్పటికే బాపు పొలం అమ్మేశాడు, వెంచర్ వాళ్లు బావిలో మొరం పోసి చదును చేశారు. ఇప్పుడక్కడ పెద్ద గేటున్న కాలనీ. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ బావి గురించి చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు.

స్పాంజి ఒంట్లో కంటికి ఆనని గాజు సూదులుంటాయి, జాతిని గుర్తుపట్టేది వాటితోనే. చేతులకు గుచ్చుకుంటే దురద పెట్టేదీ అవే. సారుకు నేను చూపించాలనుకున్న రుజువంతా అవ్వ అరచేతుల్లోనే ఉంది. ఆ చేతులు రెండు రోజులు నా ముందు చాపింది. నేనే చూడలేదు.