అమ్మ దిబ్బ మీది మట్టి

మా ఇంట్లో మట్టికి ఒక్క మాట సరిపోయేది కాదు. గోడకు మెత్తేది ఎర్రమన్ను. చెరువు ఎండాక చేలకు తోలేది ఒండ్రు. మేం కూలికి పోయే పొలం మాత్రం ఎప్పుడూ ‘వాళ్ళ నేల’. వసారాలో అమ్మ పరిచి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది మెత్తటి దుమ్ము. బడి మొహం చూడని నాకు చదువొచ్చింది అలాగే. అలాంటి తల్లినిచ్చినందుకు ప్రభువుకు ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

ఊరికే ‘మట్టి’ అంటే మాత్రం మా కాలనీలో సమాధే. ‘మట్టికి పోయొచ్చినాం’ అంటే ఎవరినో పూడ్చి వచ్చారని.

అమ్మ సమాధి మీది కట్టె సిలువను చెదలు తినేసింది. వానకు ఆనవాలు కూడా పోతుందేమోనని ఏటా సమాధుల పండుగకు నాయన తట్టలతో ఒండ్రు మోసుకొచ్చి పోసేవాడు. దిబ్బ నడుమెత్తు పెరిగింది. “నన్ను దాని పక్కనే పెట్టండి” అనేవాడు. ఆయన అడిగింది అదొక్కటే.

మొన్న ఎండాకాలం నాయన పోయాడు. గుంత తవ్వడానికి ముందుగా పోయిన అన్న పరుగున వెనక్కి వచ్చాడు.

“అమ్మ దిబ్బ లేదు.”

పోయి చూశాం. దిబ్బ ఉన్నచోట పల్లం, దాని నిండా మట్టి తోడే మిషన్ పళ్ళ గీతలు. చెరువు కట్ట కింద టిప్పర్ ఆగి ఉంది. అన్న పోయి డ్రైవర్ చొక్కా పట్టుకున్నాడు.

“కండ్లు పోయినాయా రా నీకు? అది మా అమ్మ రా!”

“నాకేం తెలుసన్నా! రాయి లేదు, పేరు లేదు. చుట్టూరా చదునుగా ఉండాది, ఇదొక్కటే కుప్ప. ఎవురో తోలి పెట్టుకున్నారనుకున్నా. ఆత్మకూరులో ప్లాట్లకు ఫిల్లింగ్ పోసేసినాం.”

ఆనవాలు నిలవాలని నాయన పోసిన మట్టే అమ్మను పట్టిచ్చింది.

అన్న గడ్డపారతో పల్లంలోకి దిగాడు. అమ్మ అడుగున ఉందో, ఆ మట్టితోపాటే పోయిందో తవ్వి చూస్తానన్నాడు. చిన్నాయన రెక్క పట్టి లాగాడు.

“లేకపోతే ఏం చేస్తావురా? ఆ ప్లాట్లన్నీ తవ్వుతావా? ఆడ మీ నాయన ఎండలో ఉండాడు.”

పల్లం అంచునే నాయనకు గుంత తవ్వారు. డ్రైవర్ చెప్పులు విడిచి పార అందుకున్నాడు. అన్న వద్దనలేదు. ఆ ఇద్దరికీ నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అందరం మూడేసి గుప్పిళ్ళు వేశాం. పైన దిబ్బ పెట్టబోతుంటే చిన్నాయన అడ్డుకున్నాడు.

“కుప్ప కనపడితే మళ్ళీ ఎత్తుకపోతారు. రాయి పెడితే రాయీ పోతాది. చదును చేసేయండి.”

అమ్మ పల్లాన్ని కూడా పూడ్చి, రెండిటినీ ఒకటిగా తొక్కేశాం.

ఈసారి పండుగకు పూలు తీసుకుని పోయాం. ఎక్కడ పెట్టాలో మాకు తెలియలేదు. అన్న ఒకచోట మోకరించాడు, నేను ఇంకోచోట.