క్లిఫ్ యాక్రాయిడ్ అప్పీలు

ఇంగ్లండులోని హాలిఫాక్స్ కొండ రోడ్ల మీద ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన క్లిఫ్ యాక్రాయిడ్‌కి ఆ కాలమంతా ఒక్క జరిమానా నోటీసు కూడా రాలేదు. డెబ్బై ఆరో ఏట వచ్చింది, అదీ సొంత గుమ్మానికి పదడుగుల దూరంలో.

ఇల్లంటే మూడంతస్తుల ఫ్లాట్లలో కింది వాటా. ముందున్న ఖాళీ స్థలం నిండా తెల్ల గీతలు. ఫ్లాటుకి ఒక గడి, ఒక పర్మిట్. ఆ కాగితం కారు అద్దం వెనక కనిపించకపోతే పార్కింగ్ కంపెనీ మనిషి వచ్చి, ఫొటో తీసి, జరిమానా నోటీసున్న పసుపు కవరు అంటించి పోతాడు.

క్లిఫ్ భార్య డోరీన్ పెళ్లికి ముందు అతని బస్సులోనే కండక్టరు. ఆమె గంట కొట్టందే బస్సు కదిలేది కాదు. పెళ్లయ్యాక కూడా అంతేనని డిపోలో ఆటపట్టించేవాళ్లు, క్లిఫ్ కాదనేవాడు కాదు. ఆ చలికాలం డోరీన్ మంచం పట్టింది. చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక ఆమె ఆస్పత్రికి పోనంది.

"అక్కడ మంచం చుట్టూ తెర లాగేసి టీ తాగడానికి పోతారు. ఆ తెర మీద పువ్వులు లెక్కపెట్టుకుంటూ పోవాలా నేను? పోయేటప్పుడు నువ్వు గదిలో ఉండాలి ముసలాడా. అంతే."

"ఎక్కడికి పోతానే? బస్సు కూడా తీసేసుకున్నారుగా," అన్నాడు క్లిఫ్.

రోజూ పొద్దున పది గంటలకి బెవర్లీ అనే నర్సు వచ్చేది. నొప్పి మందు ఎక్కించే చిన్న పంపులో మళ్లీ మందు నింపాలి, బరువైన సంచీలు మోసుకురావాలి. అందుకని క్లిఫ్ తన గడి ఆమెకి వదిలేవాడు. పర్మిట్ ఆమె తీసుకునేలా గుమ్మం పక్కన బుట్టలో పెట్టి, తన కారుని దిగువనున్న చాపెల్ వీధిలో నిలిపి వచ్చేవాడు. అక్కడ రెండు గంటలకి మించి ఉంచనివ్వరు గనుక ఆమె వెళ్లగానే తెచ్చుకోవాలి. ఎక్కుడు దారి. పోయి రావడానికి పది నిమిషాలు పట్టేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మంచు, వాన కలిసి పడుతున్నాయి. రాత్రంతా నిద్రలేని డోరీన్ అతని వేళ్లు పట్టుకుని వదల్లేదు. బలవంతాన విడిపించుకుని, కారుని చెత్త డబ్బాల పక్క మూలకి జరిపి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఆ కారు ఎవరికీ అడ్డం లేదు. కానీ పర్మిట్ బెవర్లీ కారులో ఉంది. పదకొండింటికి చూస్తే అద్దం మీద పసుపు కవరు.

పై వాటాలో ఉండే గ్లెండా బడి వంటశాలలో పనిచేసి రిటైరైంది. క్లిఫ్ కంపెనీకి రాసిన జవాబు తీసుకుని, కళ్లజోడు సవరించుకుని చదివింది.

"'ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి. పర్మిట్ లేని మాట నిజమే. తప్పు నాదే.' ఇదేంటి క్లిఫ్? అప్పీలా, చర్చిలో పాపం ఒప్పుకోవడమా? నీ ఇంట్లో దొంగ దూరినా గుమ్మం ఇరుకైందని వాడికి సారీ చెప్పేలా ఉన్నావు!"

"మర్యాదగా మొదలుపెట్టాలి కదా. నర్సు సంగతి కింద రాశాను."

"కింది దాకా చదివితే కదా వాళ్లు!"

అయినా అదే పంపాడు. ఉత్తరం అంటే అలాగే మొదలవ్వాలని అతని నమ్మకం.

రెండు వారాలకి జవాబొచ్చింది. పర్మిట్ లేకుండా నిలిపినట్టు మీరే ఒప్పుకున్నారు. నర్సు రావడం మా పరిధిలోకి రాదు. ఇంకోసారి జరిగితే మీ పర్మిట్ రద్దవుతుంది. కావాలంటే ఇరవై ఎనిమిది రోజుల్లో బయటి అప్పీలు సంస్థకి రాసుకోవచ్చు.

పర్మిట్ పోతే బెవర్లీ ఆ సంచీలతో కొండెక్కి రావాలి. ఆలస్యమైతే డోరీన్ నొప్పితో ఎదురుచూడాలి. ఆ రోజు నుంచి ఆమె ఎలా ఉన్నా, వాన పడుతున్నా, పది కాకముందే క్లిఫ్ కారు తీసుకుని దిగువకి పోయేవాడు.

ఎనిమిదో రోజు తిరిగొచ్చేసరికి బెవర్లీ కోటు విప్పకుండానే మంచం పక్కన నిలబడి ఉంది. అతన్ని చూసి కుర్చీని మంచం దగ్గరికి లాగింది.

అంత్యక్రియలయ్యాక బెవర్లీ మళ్లీ వచ్చింది, మిగిలిన మందులూ, రోజూ రాసే నర్సుల పుస్తకమూ తీసుకుపోవడానికి. అప్పటికి గ్లెండా అక్కడే కూర్చుని ఉంది.

"అప్పీలుకి ఇంకా ఆరు రోజులున్నాయి క్లిఫ్. రుజువే కావాలంటే ఈ పుస్తకం లేదూ? ఆ రోజు నర్సు ఎన్నింటికొచ్చిందో ఇందులో ఉండే ఉంటుంది," అంటూ పేజీలు తిప్పడం మొదలెట్టింది. వెనక నుంచి తిప్పింది. "'తొమ్మిది యాభై రెండు. శ్వాస లేదు. భర్త ఇంట్లో లేరు, కారు జరపడానికి...'"

అక్కడ ఆగిపోయింది.

"ఎవరు దగ్గరున్నారో రాయాలి మేం," అంది బెవర్లీ మెల్లగా. "రాయక తప్పదు క్లిఫ్."

"తెలుసమ్మా."

గ్లెండా పుస్తకం క్లిఫ్ వైపు జరిపింది. "ఇదే పంపు. ఇది చూశాక వాళ్ల నోరు పెగలదు."

"ఈ పేజీ వద్దు," అంది బెవర్లీ. "ఫిబ్రవరి పేజీ ఒక్కటి చాలు. ఫోనులో ఫొటో తీసుకోండి. జరిమానా రద్దు చేస్తారు, నాకు నమ్మకముంది."

క్లిఫ్ కిటికీ వైపు చూశాడు.

"రద్దు చేస్తే?" అన్నాడు. "ఆ రోజు నేను కదలకుండా ఉండటం తప్పేమీ కాదని తేలుతుంది. మరి వాళ్ల జవాబొచ్చాక ఎనిమిది రోజులు డోరీన్‌ని వదిలి ఎందుకు వెళ్లినట్టు?"

క్లిఫ్ పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"తప్పే అయ్యుండాలి గ్లెండా. వెళ్లక తప్పనిదే అయ్యుండాలి."

పుస్తకం మూసి, రెండు చేతులతో బెవర్లీకి అందించాడు. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుంది. గ్లెండా వెళ్లి టీ పెట్టింది గానీ ఎవరూ తాగలేదు.

శుక్రవారంతో గడువు దాటిపోయింది. సోమవారం పొద్దున క్లిఫ్ కంపెనీకి జరిమానా చెక్కు పోస్టు చేశాడు. పోస్టు డబ్బా వీధి చివరే. ఇప్పుడు త్వరగా తిరిగి రావాల్సిన పని లేదు. అతను ఇంటికి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది.