కింద పెట్టిన ఖావా

కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఖాదర్‌వలి తుపాకుల దుకాణం మెట్ల మీదే కూలబడినాడు. అమ్మయ్య, ఆదివారం విమానం ఎక్కొచ్చు. ఎనిమిది నెలల కూతురిని ఇన్నాళ్లూ ఫోన్లో చూసినోడు ఇంక చేతుల్లోకి ఎత్తుకుంటాడు.

పొద్దున వరకూ ఆ ఆశే లేదు. మన ఖాదర్‌వలిది రాయచోటి. ఒమాన్‌లో సమాయిల్ అనే ఊళ్లో, ఒక ఒమానీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పెద్దాయన ఏడాది కిందట పోయినాడు. ఆయన పాత తుపాకీ హమూద్ అనే ముసలాయన దుకాణంలో భద్రంగా ఉండాది. దాన్ని కొడుకు పేరుకు మార్చాల. ఆ కొడుకే మనవాడి అర్బాబ్, అంటే యజమాని. ఆయన డ్యూటీ దూరాన సూర్ పట్నంలో. 2015 బక్రీద్ దగ్గరపడింది. పండగ నాడు ఊరి మగవాళ్లంతా తుపాకులు పట్టుకుని వరసలో నిలబడి పాడతారు. నాయన తుపాకీ లేకుండా ఆ వరసలో నిలబడడం అర్బాబ్‌కు తలవంపులు.

పోలీసు అనుమతి ఆయనే తెచ్చుకున్నాడు. దుకాణం పుస్తకంలో పేరు మార్పించే పని మాత్రం ఖాదర్‌వలి నెత్తిన పెట్టినాడు. "మార్పు కాగితం నా చేతికొస్తేనే నీ పాస్‌పోర్టు నీ చేతికి" అన్నాడు. ఖర్చుకు పదిహేను రియాళ్లు ఇచ్చినాడు. హమూద్ అడిగేది ముప్పై. సొంత డబ్బు వేద్దామంటే, టికెట్టు కొన్నాక మనవాడి దగ్గర చిల్లిగవ్వ లేదు.

మొన్న మంగళవారం పోయి ఏం చేసినాడనుకున్నారు? గుమ్మంలో నిలబడి, సలాము సగం నోట్లోనే మింగి, సంతలో పొట్టేలును బేరమాడినట్టు "ముప్పై ఎక్కువ, పదిహేనుకు చెయ్" అన్నాడు. హమూద్ పుస్తకం మూసి రేడియో పెట్టుకున్నాడు.

టీ అంగడి నిసార్ అహ్మద్, వాళ్ల ఊరోడే, బాగా తలంటినాడు. "ఏం మనిషివబ్బా నువ్వు. పోతానే బేరమా? ఇక్కడ ముందు కూర్చోవాల. ఇంట్లో అంతా బాగుండారా, తోట బాగుండాదా అని అడగాల. వాళ్లిచ్చే చేదు కాఫీ, ఖావా, తాగాల. ఆ తర్వాతే పని."

ఈరోజు గురువారం. రేపు శుక్రవారం, దుకాణం బంద్. అర్బాబ్ వచ్చేదీ రేపే. ఖాదర్‌వలి చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. హమూద్‌ను ఆరోగ్యం అడిగినాడు, మేకల సంగతి అడిగినాడు, ఖర్జూరం కాపు అడిగినాడు. ముసలాయన ముఖం కొంచెం విప్పారింది. ఖర్జూరాల పళ్లెం జరిపి, పిడిలేని చిన్న కప్పులో ఖావా పోసి ఇచ్చినాడు.

అక్కడే వచ్చింది తంటా. పాలు లేవు, చక్కెర లేదు. మనవాడు మూడు చెంచాల చక్కెర లేనిదే టీ ముట్టడు. ఒకసారి అర్బాబ్ ఇంట్లో ఈ ఖావా తాగి వాంతి చేసుకున్నోడు. ఇక్కడ కక్కితే ఉన్నదీ పోతుందని, కప్పును మెల్లగా చాప మీద పెట్టేసినాడు.

హమూద్ కప్పును చూసినాడు. మనిషిని చూసినాడు. మోగుతున్న రేడియో ఆపినాడు. "అడుగు" అన్నాడు.

ఎందుకు అడగమన్నాడో తెలియలేదు గానీ, ఆ గొంతు విన్నాక బేరం మాట నోటికి రాలేదు. "బాబా, నాకు కూతురు పుట్టింది. ఎనిమిది నెలలు. ఇంతవరకూ దాని ఒళ్లు తాకలేదు. ఈ కాగితం అయితే పోతాను." కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"తాగు. నీ పని అయింది."

భయానికి గుటుక్కున మింగినాడు. హమూద్ పదిహేనే తీసుకుని ముద్ర వేసినాడు. "మా ఎడారిలో, కోరిక ఉన్నోడు కప్పు తాగకుండా కింద పెడతాడు. అది చల్లారేదాకా మేం ఊరుకుంటే ఇంటికే అవమానం" అని చెప్పినాడు. ఖాదర్‌వలి అవునన్నట్టు తల ఊపి, కాగితం తీసుకుని బయటపడినాడు.

ఊళ్లో రెండు నెలలూ కూతురిని ఎత్తుకున్నప్పుడల్లా ఆ తల ఊపడం గుర్తొచ్చేది. తిరిగొచ్చిన వారమే పాప ఫోటో పట్టుకుని దుకాణానికి పోయినాడు. కూర్చున్నాడు, మేకల సంగతి అడిగినాడు, ఆ తర్వాత చెప్పేసినాడు. "బాబా, ఆరోజు నేను కోరికతో కప్పు కింద పెట్టలేదు. చేదని పెట్టినాను."

హమూద్ ఫోటోలోంచి తల ఎత్తలేదు. "నీ మొహం చూసి అప్పుడే తెలుసుకున్నా. కోరిక నిజమే కదా?"

ఫోటోను పుస్తకంలో జాగ్రత్తగా పెట్టుకుని, ఖావా పోసినాడు. "ముందు ఖర్జూరం నోట్లో వేసుకో. వట్టి ఖావా ఎవరు తాగుతారురా?"

ఖాదర్‌వలి ఈసారి కప్పు కింద పెట్టలేదు.